పెట్టె వచ్చిందా

మంచం కింద, బియ్యం డబ్బాకీ గోడకీ మధ్య
పక్క రేకు ఊడదీసిన పాత కంప్యూటరు.
దానికెదురుగా టేబుల్ ఫ్యాను.
గుణుపురం ఎండల్లో
మాకు లేకపోయినా దానికి గాలుండాలి.

ఒకసారి పేర్లు రాసిచ్చేను, అంతే.
తర్వాత నా పనేం లేదు.
రాత్రి రెండింటికి, వంశధార మీంచి చల్లగాలి తిరిగే వేళ
అది వెతుక్కుంటుంది,
ముక్కలు ముక్కలుగా తెచ్చుకుంటుంది,
అతికి, పేరెట్టి, పోస్టరంటించి
అరలో సర్దుతుంది.
నేనడిగిన హీరోవి అయిపోతే
అతని తమ్ముడివి తెస్తుంది.
ఇంకా రిలీజు కాని సినిమా కోసం
గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంది.

పదకొండొందల నలభై సినిమాలు.
చూసినవి ముప్పై ఉంటాయేమో.
కొన్నింట్లో హాల్లో ఎవరో దగ్గుతారు,
ఎవరో లేచి తెరకడ్డంగా నడిచిపోతారు.
ఆ తల ఎవరిదో, ఏ ఊరిదో.

డబ్బుల్లేక కాదు.
నా కిళ్ళీల ఖర్చులో సగం పెడితే
చాలావరకు న్యాయంగానే చూడొచ్చు.
ఇక్కడ తెలుగు ఆట ఆడ్డం మానేసి చాన్నాళ్ళయిందని
అడిగినవాళ్ళకి చెప్తాను.
నిజమే. కారణం మాత్రం అది కాదు.
తెల్లారి లేచేసరికి
అరలో కొత్తది ఒకటుండడం.

నోటీసు సుభాషిణి పేరున వచ్చింది.
కనెక్షను ఆవిడ పేరున.
సర్కారీ స్కూలు టీచరని
నెలకి యాభై తగ్గించేరు అప్పట్లో.
పిల్లలచేత ఒడియా అక్షరాలు దిద్దించే మనిషి
ఆ ఇంగ్లీషు కాగితాన్ని రెండుసార్లు చదివి
మడిచి, పోపులడబ్బా కింద పెట్టి,
"ఈ తారీఖున, ఈ టైముకి
నేను నిద్రపోతున్నాను" అంది.
"నేనూ" అన్నాను.

కోర్టు వెనక గదిలో త్రినాథ పాఢి వకీలు
విని నవ్వలేదు.
"తెచ్చుకోవడం ఒకటే అనుకున్నావా?
నీ పెట్టె తెచ్చిన ప్రతి ముక్కా
అదే చేత్తో ఇంకొకడికి అందించింది.
రాత్రంతా దుకాణం తెరిచి కూర్చున్నావు,
పైసా తీసుకోకుండా.
చట్టంలో జైలుంది, జరిమానా ఉంది,
పడతాయో పడవో నేను చెప్పలేను.
ఆవిడ ఉద్యోగం మాత్రం గుర్తుపెట్టుకో.
నువ్వు నిద్రపోతేనేం బాబూ,
నీ ఇల్లు మేలుకునుంది కదా."

ఆదివారం దాలయ్య మావొచ్చేడు.
ఇరవయ్యారేళ్ళు రీళ్ళు తిప్పిన మనిషి.
పాత సినిమా పెడితే కథ చూడడు,
తెర కుడిపక్క పైమూల చూస్తాడు.
అక్కడ చిన్న చుక్క మెరవగానే
కుర్చీలోంచే చెయ్యి లేస్తుంది
రెండో మిషను మీట కోసం.
అక్కడ గాలే ఉంటుంది.

ఇవాళ టీవీ నల్లగా ఉంది.
"ఏటి, కరెంటు లేదేటి?"
చెప్పేను.
విని చాలాసేపు తల గోక్కున్నాడు.
"మాకు పెట్టె పార్వతీపురం నుంచి బస్సు మీదొచ్చేది.
పెట్టెతోపాటు ఒక మనిషి దిగేవోడు.
చింపిన టిక్కెట్టు ముక్కలు కూడా లెక్కెట్టుకునేవోడు.
మమ్మల్ని నమ్మక, రాత్రి పెట్టె పక్కనే
తువ్వాలేసుకుని తొంగునేవోడు.
నీ పెట్టెతో ఎవుడొచ్చేడ్రా?"

ఎవరూ రాలేదు మావా.
ఇన్నాళ్ళకి కాగితమొచ్చింది.

రాత్రి వైరు పీకేసి
ఫ్యాను మావైపు తిప్పేను.
పదకొండొందల నలభై ఇంకా అందులోనే ఉన్నాయి.
ఇప్పుడు చెరిపితే అదింకో తప్పవుతుందేమో
వకీల్నడగాలి. అడిగేదాకా ఉంటాయి కదా
అని కూడా అనిపించింది, దాచడమెందుకు.

రెండింటికి మెలకువొచ్చింది.
కింద ఏ చప్పుడూ లేదు.
చెయ్యి దానంతటదే మంచం దిగి
రేకు తడిమింది.
చల్లగా ఉంది.

"నిద్రపో" అంది సుభాషిణి,
గోడవైపు తిరిగే.